అక్షరజ్ఞానం – వార్తావివేకం

ఉగాదినాడు పంచాంగం వినడం మన ఆచారం. గుడి మంటపంలో అయ్యవారు చదువుతూ ఉంటే ఊరివారు చుట్టూ కూర్చుండి వింటారు. ఆదాయమెంత, వ్యయమెంత, వానలెట్లా ఉన్నవి అని అడుగుతారు. వెనుకటి ఏడు చెప్పిన వాన కురిసిందా అని నిలదీసే పెద్దలు కూడా ఉంటారు. ఆ సభకు రెండు మంచి లక్షణాలున్నవి. చెప్పేవారెవరో అందరికీ తెలుసు; వినేవారికి తిరిగి అడిగే అవకాశం ఉన్నది. ఈనాడు మన చేతిలోని ఫోనుకు పూటకొక కట్ట వార్తలు వచ్చి పడుతున్నవి. వాటిలో పెక్కింటికి ఈ రెండు లక్షణాలూ లేవు. చెప్పినవాడెవడో తెలియదు, అడుగుదామంటే ఎదుట మనిషి లేడు.

వచ్చిన వార్తను పరీక్షించి, నిజమైతే గ్రహించి, కాకపోతే విడిచిపెట్టగల శక్తిని ఈ వ్యాసంలో వార్తావివేకమని పిలుస్తున్నాను. ఇది అక్షరజ్ఞానం కంటె వేరైన విద్య. చదవడం వచ్చిన ప్రతివానికీ ఇది వచ్చిందనడానికి వీలులేదు. చదువురాని పెద్దలలోనూ ఇది ఉండవచ్చును. దీనిని పిల్లలకూ పెద్దలకూ బోధించవలెనని ఇప్పుడు అనేక దేశాలలో ప్రయత్నాలు జరుగుతున్నవి. మన తెలుగువారి చరిత్రలో దీనికి ఉన్న జాడలేమిటి, కల్లావి వంటి ఊళ్ళలో కాపురమున్న మనకు దీనితో ఏమి పని అన్న సంగతిని పాఠకమహాశయుల ముందుంచడమే నా ఉద్దేశం.

ముందుగా మన కాళ్ళకింది నేలను గూర్చి చెప్పుకుందాం. కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలకు పూర్వం బారామహల్ అని పేరు. 1792లో శ్రీరంగపట్నం సంధిని అనుసరించి ఈ సీమ టిప్పు సుల్తాను నుండి ఇంగ్లీషు కంపెనీ వశమైనది. కంపెనీ పంపిన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో పొలం పొలం కొలిపించి, రైతు పేర పన్ను కట్టే పద్ధతిని ఇక్కడనే ఆరంభించారు. తరువాత రైత్వారీ అని పేరుపొందిన విధానానికి పునాది పడినది ఈ నేలమీదనే. 1800లో మన్రో దత్తమండలాలకు వెళ్ళి అక్కడి తెలుగు రైతులకు కూడా ఆ పద్ధతినే అమలు చేశాడు. అప్పటినుండి రైతు బ్రతుకు కాగితంమీదికి ఎక్కినది. కాని ఆ కాగితం చదవగలిగినది కరణం. తన పొలం విస్తీర్ణమెంతో, తన బాకీ ఎంతో రైతు ఆయన నోటనే వినవలసి వచ్చేది. వ్రాసిన దాన్ని స్వయంగా చూసుకోలేనివాడు చదివి చెప్పేవాని ధర్మబుద్ధిమీద ఆధారపడక తప్పదు. ఈ ఒక్క మాటను మనసులో ఉంచుకొంటే మిగిలిన కథ సులభంగా బోధపడుతుంది.

తెలుగుదేశంలో పత్రికలు పుట్టి ఈ పరాధీనతను కొంత తగ్గించినవి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ పేరులోనే దాని ఆశయం ఉన్నది. ఆ పత్రికలో ఆయన లంచగొండి ఉద్యోగుల గుట్టు బయటపెట్టారు. అధికారి చెప్పినంత మాత్రాన నిజమని నమ్మనక్కరలేదని చదువరులకు నేర్పారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ‘ఆంధ్రపత్రిక’ను 1908లో వారపత్రికగా స్థాపించినది తెలుగుదేశంలో కాదు, బొంబాయిలో. 1914లో అది మద్రాసుకు వచ్చి దినపత్రిక అయినది. వలసపోయినవాడికి సొంతఊరి వార్తమీద ఎంత ఆకలి ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఆకలిని తీర్చడానికి పేరూ, చిరునామా, బాధ్యతా ఉన్న ఒక పత్రిక వచ్చినది. తప్పు వ్రాస్తే పాఠకుడు ఉత్తరం వ్రాసి అడగడానికి సంపాదకుడనే మనిషి ఒకడున్నాడు.

అయినా పత్రిక కొనలేనివారు, కొన్నా చదవలేనివారే ఆనాడు ఎక్కువ. వారిని చేరినది గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషివల్ల 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. పాతూరి నాగభూషణంగారు 1935లో కృష్ణా కాలువమీద పడవలో పుస్తకాలు వేసి ఊరూరికీ పంపారు. ఈ గ్రంథాలయాల అరుగులమీద ఒకరు పత్రిక పైకి చదివితే పదిమంది వినేవారు. విన్నవారు ఊరకుండేవారు కారు. ఒకరు ఔనంటే ఒకరు కాదనేవారు. వేరొక పత్రికలో వేరొక తీరుగా ఉన్నదని ఇంకొకరు చూపేవారు. పుస్తకం ఇచ్చినదానికంటె ఈ వాదం ఇచ్చిన చదువు తక్కువది కాదు. 1948లో మద్రాసు రాష్ట్రం పౌర గ్రంథాలయాల చట్టం చేసినది. అప్పుడు మన కృష్ణగిరి, హోసూరు తాలూకాలు సేలం జిల్లాలో ఉండి ఆ చట్టం కిందికే వచ్చినవి.

అక్షరం విచారణకు దారితీస్తే ఎంత పని జరుగుతుందో నెల్లూరు జిల్లా స్త్రీలు చూపారు. 1990 తరువాత అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం సాగినది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకొంటూ ఆ స్త్రీలు తమ బ్రతుకులనే పాఠాలలో చదివారు. సంపాదన ఎక్కడికి పోతున్నది, సారా దుకాణం వల్ల లాభపడేదెవరు అని లెక్క వేసుకొన్నారు. 1992లో దూబగుంట గ్రామంలో స్త్రీలు సారా అమ్మకాన్ని ఎదిరించిన ఉదంతం తక్కిన ఊళ్ళకు స్ఫూర్తి అయినది. 1993 అక్టోబరు నాటికి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చినది. వారు నేర్చినవి ఓనమాలే. కాని ‘ఇందువల్ల ఎవరికి లాభం?’ అన్న ప్రశ్న ఆ ఓనమాలతోపాటు వారికి వచ్చినది.

ఇక ఫోను కాలానికి వద్దాం. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నవన్న వదంతి వాట్సాపు ద్వారా దక్షిణదేశమంతా వ్యాపించినది. మా ఇంట అవ్వకు తెలుగులో ఒక గొంతు వచ్చినది. ముఠా కుప్పం దగ్గర దిగినదని ఆ గొంతు చెప్పినది. అదే సాయంకాలం మనవడికి తమిళంలో ఒక బొమ్మ వచ్చినది. అందులోని ముఠా ధర్మపురి దగ్గర దిగినది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కథ ఒకటే, ఊళ్ళు మాత్రం వేరు. ‘ఒరే, ఈ దొంగలు భాషనుబట్టి ఊరు మారుస్తున్నారే!’ అని అవ్వ నవ్వినది. ఆమెకు చదువు రాదు. ఆ నవ్వే వార్తావివేకం.

అందరి ఇళ్ళలో అది నవ్వుతో పోలేదు. ఆ ఏడే మే 9న మన పొరుగు జిల్లా తిరువణ్ణామలైలో, పోళూరు సమీపాన, కులదేవతను సేవించుకోవడానికి చెన్నై నుండి కుటుంబంతో వచ్చిన ఒక వృద్ధురాలు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినది. అంతమాత్రానికే ఆమెను పిల్లల దొంగగా భావించి గుంపు కొట్టి చంపినది. పొరుగూరి పిల్లను దగ్గరకు పిలిచి ఏదో ఒకటి చేతిలో పెట్టడం మన అవ్వలకూ అలవాటే. ఆ వృద్ధురాలి స్థానంలో మనలో ఎవరి అవ్వనైనా ఊహించుకోవచ్చును.

అదే కాలంలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో మరొక తీరు కథ నడచినది. ఎండాకాలంలో ఆరుబయట పడుకొనే పల్లెజనం తలుపులు బిగించుకొని లోపల పడుకొంటున్నారని బీటుకు వెళ్ళిన కానిస్టేబుళ్ళు గమనించారు. కారణం విచారిస్తే ఫోనులో వచ్చిన భయంకర చిత్రాలు బయటపడినవి. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు ఊరికొక కానిస్టేబులును నియమించి, 400కు పైగా గ్రామాలలో ప్రచారం చేయించారు. కానిస్టేబుళ్ళు ఇల్లిల్లూ తిరిగారు, డప్పు మోగించారు, జానపద గాయకులచేత పాటలు పాడించారు. చదువురానివారికి వార్తావివేకం బోధించడానికి కరపత్రం చాలదని, పాటే తగినదని ఆమె గ్రహించారు. తెలంగాణలో ఇతరచోట్ల ఆ వదంతికి ప్రాణాలు పోయినా, ఆమె పరిధిలోని గ్రామాలలో పోలేదు. ఫోనును అరికట్టి కాదు, ఊళ్ళో అడగడానికి ఒక మనిషిని నిలిపి ఆమె ఈ పని సాధించారు. గ్రంథాలయపు అరుగుమీది సూత్రమే ఇది. ఆ సంవత్సరం జూలైలో వాట్సాపు సంస్థ కూడా ఒక వార్తను ఒకేసారి అయిదింటికి మించి పంపకుండా మనదేశంలో కట్టడి చేసినది.

కేరళలోని కన్ననూరు జిల్లాలో అదే 2018లో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలలలో ‘సత్యమేవ జయతే’ అనే పేర ఈ విద్యకు తరగతులు పెట్టారు. టీకాలను గూర్చి పుట్టిన అబద్ధాలు అందుకొక కారణం. ఫిన్లండు దేశంలో 2016 నుండి ఇది పాఠ్యప్రణాళికలోనే చేరి ఉన్నది. మన పిల్లలకు ఇది ఇంకా ఇంటనో, సంఘంలోనో నేర్పవలసిన విద్యగానే ఉన్నది.

వలసవారికి ఈ విద్య ఎందుకు ముఖ్యమో 2023 మార్చి తెలిపినది. తమిళనాడులో ఉత్తరదేశపు కూలీలను చంపుతున్నారంటూ అబద్ధపు చిత్రాలు బీహారు వైపు వ్యాపించినవి. ఎక్కడో ఎప్పుడో జరిగిన వేరు గొడవల చిత్రాలను తెచ్చి ఇక్కడివని చూపారు. భయపడి కొందరు పనులు విడిచి రైలెక్కారు. అవి అబద్ధాలని తమిళనాడు పోలీసులు ప్రకటించారు. బీహారు అధికారులు స్వయంగా వచ్చి చూసి వెళ్ళారు. పరాయిచోట ఉన్నవాని భయమే వదంతికి మేత. స్థలం తెలియదు, భాష రాదు, అడగడానికి మనిషి లేడు. ఈ మూడూ ఉన్నచోట అబద్ధం నిలవక తప్పదు.

మన సంగతి ఏమి? ఇంట తెలుగు, అంగడిలో తమిళం, హోసూరు వైపు కన్నడం, కర్మాగారాలలో హిందీ మన చెవిన పడుతున్నవి. 2006 నాటి చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలలలో తమిళం క్రమంగా పదవ తరగతి వరకు తప్పనిసరి అయినది. తమిళం నేర్వడం మనకు మేలే. ఈ నేల భాష రాకుండా ఇక్కడ బ్రతకడం ఎట్లా? కాని దానితోపాటు మన పిల్లలలో చాలమంది తెలుగు లిపికి దూరమయ్యారు. వారికి తెలుగు వస్తుంది, చెవితో మాత్రమే. తెలుగులో వచ్చిన గొంతును, బొమ్మను వారు వింటారు, చూస్తారు, నమ్ముతారు. దానిని సరిచూడడానికి తెలుగు పత్రిక తెరచి చదవలేరు. అవ్వతాతలేమో తెలుగు చదవగలిగినా ఫోను మర్మం తెలియనివారు. ఒకప్పుడు పట్టా చదవలేక కరణం నోటివైపు చూసిన రైతుకూ, ఈ పిల్లవానికీ భేదమేమి?

మోసం కూడా నేర్పు మీరినది. 2023 నవంబరులో తెలుగు సినిమా నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ చిత్రానికి యంత్రంచేత అతికించి దేశమంతా తిప్పారు. కంటితో చూసినంత మాత్రాన నిజమని నమ్మే కాలం గతించినది. అందుచేత ఇంటింటా నాలుగు ప్రశ్నలు అలవాటు కావలెను. దీనిని మొదట చెప్పినదెవరు? ఏనాటిది, ఏ ఊరిది? బొమ్మలోని అంగడి పలక ఏ భాషలో ఉన్నది, బండి నంబరు ఏ రాష్ట్రానిది? ఇంకొకచోట ఈ వార్త ఉన్నదా? ఇది నన్ను భయపెట్టి, కోపం తెప్పించి ఎవరికి లాభం కలిగిస్తున్నది? జవాబు దొరికేవరకు ఇతరులకు పంపకుండుట ఒక నియమం. హైదరాబాదులో 2014లో ప్రారంభమైన ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే నిజానిజాలు తేల్చి ప్రకటిస్తున్నవి. డబ్బు మోసమైతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.

వీటన్నిటికంటె అవసరమైనది కూడి కూర్చోవడం. మన సంఘం నెలకొక సాయంకాలం దీనికి కేటాయిస్తే చాలు. ఆ నెలలో వచ్చిన వింతవార్త నొకదానిని ముందు పెట్టుకొందాం. పిల్లలు తమిళంలో, ఇంగ్లీషులో వెతుకుతారు; పెద్దలు తెలుగు పత్రిక పైకి చదువుతారు. లోకానుభవం పెద్దలది, ఫోను నేర్పు పిల్లలది. ఆ సాయంకాలం పిల్లలకు తెలుగు అక్షరాలు కూడా వాటంతట అవే పట్టుబడతవి. అక్షరానికి పని కల్పిస్తేనే అక్షరం నిలుస్తుంది.

ఈ ఉగాదినాడు పంచాంగం విన్న తరువాత ఎవరూ లేచిపోకుండా మరొక్క క్షణం కూర్చుందాం. ఆ వారంలో మన ఫోనుకు వచ్చిన ఒక్క వార్తను చదివించి, దాని ఆదాయమెవరిది, వ్యయమెవరిది అని అడుగుదాం. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.