తల్వార్‌లో ఒక ఫిర్యాదు

1946వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీ ఉదయమున బొంబాయిలోని 'తల్వార్'లో నావికులు ఉపాహారము ముట్టలేదు. తల్వార్ పేరునకు నౌకయే గాని, నిజమునకు తీరమున నెలకొన్న సంకేత శిక్షణాలయము. ఆ నిరశనము అనతికాలములోనే నౌకాదళ తిరుగుబాటుగా మారెను. దాని రాజకీయ ఫలితములను గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. ఉద్యోగులు ప్రత్యేకించి గమనింపదగిన ఘట్టము మాత్రము అంతకు పది దినముల ముందు జరిగినది.

ఆ నెల 8వ తేదీన తల్వార్ అధిపతి కమాండరు కింగ్ నావికుల వసతిగృహమునకు వచ్చి, వారి పుట్టుకను, జాతిని ఎత్తి దూషించెను. నాసిరకపు భోజనము, ఆంగ్లేయ నావికులకంటె తక్కువ జీతము, యుద్ధము ముగిసినందున కొలువు నిలుచునో లేదో యను దిగులు; వీనినన్నిటిని ఓర్చినవారు ఆ మాటలను ఓర్వలేకపోయిరి. ఆజాద్ హింద్ ఫౌజు విచారణలు దేశమును కదలించుచున్న కాలమది. అయినను వారిలో కొందరు నిబంధనల ననుసరించి ఫిర్యాదు చేసిరి. ఆ ఫిర్యాదు తుదకు చేరినది కింగ్ సమక్షమునకే! ఆయన కొన్ని దినములు జాగుచేసి, అబద్ధపు ఫిర్యాదు చేయుట నేరమని హెచ్చరించి, మరల ఆలోచించుకొని రమ్మని పంపివేసెను.

పరుషభాషియైన అధికారి క్రిందివారి మౌనమును చూచి తన మాట చెల్లినదని భ్రమపడును. మౌనము అర్ధాంగీకార మందురు. జీతము చేతబట్టుకొనినవాని యెదుట ఆ లోకోక్తి పనికిరాదు. అచ్చటి మౌనము ఖాతాలో వ్రాసి యుంచిన బాకీ వంటిది. ఫిర్యాదు చేయువాడు న్యాయము దొరకునని ఇంకను నమ్మినవాడు. వానిని బెదరించి పంపినపుడు పోవునది ఆ నమ్మకమే.

సమ్మె ఆరంభమైన పిమ్మట కింగును మార్చిరి. అప్పటికే కాలము మించిపోయెను. కరాచీ మొదలు విశాఖపట్నము వరకు అనేక రేవులలోని నావికులు, మొత్తము సుమారు 20,000 మంది, పనిమానిరి. బొంబాయి వీధులలో జరిగిన కాల్పులలో రెండువందలమందికి పైగా పౌరులు మరణించిరి. సర్దార్ పటేల్ సలహాపై 23వ తేదీన నావికులు లొంగిపోయిరి. అనేకులు కొలువు కోల్పోయిరి.

తరువాత విచారణ సంఘమునకు సర్ ఫజల్ అలీ అధ్యక్షత వహించెను. 1953లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘమునకు అధ్యక్షుడైనందున ఆంధ్రులకు సుపరిచితుడు ఈయనయే. నావికుల అసంతృప్తికి గల కారణములలో భోజనము, జీతములతో పాటు కింగ్ ప్రవర్తనయు ఆ విచారణలో చోటుచేసికొనెను.

తల్వార్‌లోని కష్టములన్నియు ఒక్క క్షమాపణతో తీరునవి కావు. కాని 9వ తేదీన ఆ క్షమాపణ చెప్పుటకు ప్రభుత్వమునకు కాసైనను ఖర్చుకాదు.