సాలెపురుగూ మా అమ్మమ్మా

ధనుర్మాసం వచ్చిందంటే మా అమ్మమ్మ బూజుకర్ర తీసేది. పొడుగాటి వెదురు గడ, దాని కొసకి కట్టిన చీపురు, తల చుట్టూ పాత పంచె ముక్క, ముక్కుకి అడ్డంగా కొంగు. చూసేవాళ్లకి యుద్ధానికి బయల్దేరినట్టే ఉండేది. కానీ గదిలోకి వెళ్లగానే యుద్ధం మొదలుపెట్టేది కాదు. ముందు కర్రతో దూలాన్ని మూడుసార్లు తట్టి, గుమ్మంలో నిలబడి కాసేపు ఆగేది.

"అదేంటమ్మమ్మా?" అంటే, "ఆటికి చెప్పొద్దేటే? చెప్పాపెట్టకుండా ఇల్లు కూల్చీసేమంటే అవెక్కడికి పోతాయి?" అనేది.

సాలెపురుగులు పొడుగు కాళ్లతో దూలాల సందుల్లోకి సర్దుకున్నాక అప్పుడు దులిపేది. వంటింటి కిటికీ పైన ఉన్న గూటిని మాత్రం ముట్టుకునేది కాదు. "అది ఉత్తినే కూకోదు, దోమల్ని తింటాది" అని కారణం చెప్పేది.

ఇంత దయగల మనిషీ నల్లుల దగ్గరికి వచ్చేసరికి రాక్షసి అయిపోయేది. నులకమంచాన్ని ఎండలో పడేసి, కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోస్తూంటే మేం పిల్లలం దూరంగా నిలబడి చూసేవాళ్లం. చీమలకి మాత్రం గడప పక్కన బియ్యప్పిండి ముగ్గు. చెదలకి కిరసనాయిలు. బొద్దింకకి చెప్పు. బల్లి పలికితే సత్యం, మీద పడితే పంచాంగం. కందిరీగ తలుపు మూల మట్టిగూడు పెడితే ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు; ఇంట్లో ఎవరో కడుపుతో ఉన్నారనడానికి అది గుర్తట. ఈ లెక్కన మా పిన్ని మీద ఎన్నిసార్లు అనుమానం వచ్చిందో చెప్పలేను. మొత్తానికి ఒక్కో పురుక్కి ఒక్కో చట్టం, అన్నిటికీ న్యాయాధికారి మా అమ్మమ్మ.

నేను బి.ఎ.లో చరిత్ర చదివినదాన్ని. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా అప్పజెప్పేదాన్ని. ఇంట్లో మూల నున్న బూజుకర్రకి కూడా ఒక చరిత్ర ఉంటుందని ఏ మేష్టారూ చెప్పలేదు. పెళ్లయి, నాకంటూ ఒక ఇల్లూ, ఆ ఇంటి మూలలూ వచ్చాకే ఆ సంగతి తట్టింది.

మన పెద్దవాళ్లు పురుగుల్ని చంపడం గురించి ఆలోచించకపోలేదు. చాలా ఆలోచించారు. మనుస్మృతి మూడో అధ్యాయంలో పంచసూనలని ఒక మాట వస్తుంది. సూన అంటే జీవాల్ని చంపే చోటు. ప్రతి గృహస్థుడి ఇంట్లోనూ అలాంటివి ఐదున్నాయట: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలూ రోకలీ, నీళ్ల కుండ. పుల్లలతోపాటు చీమలు మాడతాయి, చీపురు కింద ఏదో నలుగుతుంది, కుండలో ఏదో మునుగుతుంది. ఇవి లేకుండా ఇల్లు నడవదు కాబట్టి ఈ పాపం తప్పదు. దానికి ప్రాయశ్చిత్తంగా రోజూ పంచమహాయజ్ఞాలు చెయ్యాలి. అందులో ఒకటి భూతయజ్ఞం. వండిన అన్నంలో కొంత కుక్కలకీ, కాకులకీ, పురుగులకీ నేల మీద పెట్టడం. ఉదయం చంపినవాటి బంధువులకి మధ్యాహ్నం భోజనం పెట్టినట్టన్నమాట!

ఈ లెక్కలో నాకు నచ్చింది ఒకటుంది. "నేను చీమకైనా హాని చెయ్యలేదు" అని గొప్పలు చెప్పుకునే వీలు ఎవరికీ ఇవ్వలేదు. నచ్చనిది ఇంకొకటి. ఆ ఐదు ఆయుధాలూ ఎవరి చేతిలోవి? పొయ్యి నుంచి నీళ్లకుండ దాకా అన్నీ ఆడవాళ్లవే. చంపే పని మాకు, యజ్ఞం చేసి పుణ్యం తెచ్చుకునే పని ఇంటి యజమానికి. పని పంపకంలో మనవాళ్ల తెలివికి ఎప్పుడూ లోటు లేదు.

భారతంలో మాండవ్యుడి కథ మీకు తెలిసిందే. చెయ్యని దొంగతనానికి రాజభటులు ఆయన్ని శూలానికెక్కించారు. ఎందుకిలా జరిగిందని యముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపరకతో గుచ్చావు, అది దాని ఫలం అన్నాడట. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ఆయనకి కోపం వచ్చి, యముణ్ణి దాసీ కడుపున పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు చేసినది పాపం కాదని కొత్త చట్టం కూడా ఆయనే చేశాడు. మనం మాండవ్యుడి పక్షమే మాట్లాడతాం కానీ, శూలం దాకా వెళ్లిన ఆ కథకి మొదలు మాత్రం ఒక పురుగే.

ఇక సాలెపురుగుకి మన భాషలోనే పెద్ద గౌరవం ఉంది. బట్ట నేసే సాలెవారి పేరే దానికీ పెట్టాం. శ్రీకాళహస్తి పేరులో మొదటి భాగస్వామి కూడా అదే. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. తన దారంతో శివుడికి గుడి అల్లిందనీ, దీపజ్వాల దాన్ని కాల్చేస్తే ఆ మంటనే మింగబోయిందనీ కథ. ధూర్జటి కావ్యానికెక్కిన సాలెపురుగది. మా అమ్మమ్మ కాళహస్తి ఎప్పుడూ వెళ్లలేదు. ఆవిడకి సాలెపురుగు మీద గౌరవం మోక్షం వల్ల కాదు, దోమల వల్ల వచ్చింది.

పురుగులతో కలిసి బతకాలన్న ఆలోచన కొసకంటా వెళితే ఎలా ఉంటుందో చూడాలంటే గుజరాత్ వెళ్లాలి. అక్కడి జైనులూ వైష్ణవ వర్తకులూ ముసలి పశువులకీ, జబ్బు చేసిన జంతువులకీ పాంజ్రాపోల్ అనే ఆశ్రయాలు కట్టించారు. సూరత్‌లోని పాంజ్రాపోల్‌ని 1823లో అలెగ్జాండర్ బర్న్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి చూశాడు. కుంటి ఎద్దులూ, ముసలి గుర్రాలూ ఉన్న ఆ చోట పురుగుల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు కనపడేసరికి నివ్వెరపోయాడు. చెక్కల నేల కింద ధాన్యం పోసి ఉంచారు. అందులో పురుగులు లక్షల్లో లుకలుకలాడుతున్నాయి. ఇలాంటి గదుల్ని జీవాత్ ఖానా అంటారు. ఇళ్లలో ధాన్యం బాగుచేసినప్పుడు వచ్చిన పురుగుల్ని నలిపెయ్యకుండా, ఆ చెత్తతో సహా తెచ్చి అక్కడ పోసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా గుజరాత్‌లో ఇలాంటి గదులు నడిచాయి.

అంతకు చాలా ముందే, 1689లో సూరత్ వచ్చిన ఓవింగ్టన్ అనే మతగురువు ఇంకో వింత రాశాడు. నల్లులకీ అలాంటి రక్తం తాగే పురుగులకీ మంచి ఆహారం దొరకాలని అప్పుడప్పుడు ఒక బీదవాణ్ణి కూలికి పిలిచి, అవి ఉన్న మంచం మీద రాత్రంతా పడుకోబెట్టేవారట. బాధకి ఓర్చలేక మధ్యలో లేచిపోతాడేమోనని కట్టేసేవారట కూడా. పరదేశి రాసిన మాట కనుక ఎంత చూశాడో, ఎంత విన్నాడో అన్న సందేహం నాకు లేకపోలేదు. కానీ చదివినప్పటినుంచీ ఆ మంచం మీది మనిషి నన్ను వదల్లేదు. నల్లిని కూడా చంపరాదన్నది గొప్ప భావమే. దాని ఖర్చు మాత్రం ఎవరి ఒంట్లోంచి వెళ్లింది?

తమాషా ఏమిటంటే, మళ్లీ రెండువందల ఏళ్లకి అలాంటి కూలీ ఒకడు మన సికింద్రాబాద్‌లో కనిపిస్తాడు. ఈసారి ధర్మం కోసం కాదు, శాస్త్రం కోసం. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు చలిజ్వరం దోమ వల్ల వస్తుందని రుజువు చెయ్యడానికి బేగంపేటలో తంటాలు పడుతున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి ఒప్పుకున్నాడు. అతన్ని దోమతెరలో పడుకోబెట్టి దోమల్ని వదిలారు. కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా కూలి. ఆగస్టు 20న అతని రక్తం తాగిన దోమ కడుపు కోసి చూస్తే అందులో మలేరియా క్రిమి ఎదుగుతూ కనిపించింది. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కి అణాలు వచ్చాయి. అయినా ఓవింగ్టన్ చెప్పిన బీదవాడికి పేరు కూడా మిగల్లేదు. ఇతనికి కనీసం పేరు మిగిలింది.

ఆ రోజుతో ఇంట్లోని పురుగుల లెక్క మారిపోయింది. అంతవరకూ దోమ చెవి దగ్గర పాడే చికాకు మాత్రమే. ఇప్పుడది హంతకి.

మా అమ్మమ్మ ఊరు నర్సీపట్నం అవతల, మన్యం అంచున. అక్కడ చలిజ్వరం చుట్టంలా ఏటేటా వచ్చేది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు ఆగదు, తర్వాత ఒళ్లు నిప్పుకణిక, తర్వాత చెమటలు. కొయినా బిళ్లలు అందరికీ అందేవి కావు. దేశం మొత్తం మీద 1947 ప్రాంతంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి ఈ జ్వరం వచ్చేదనీ, ఎనిమిది లక్షల మంది పోయేవారనీ అంచనా. ఆ లక్షల్లో ఒకరు మా పెద్దమ్మ. మా అమ్మకంటే ముందు పుట్టిన పిల్ల, నాలుగేళ్లది, 1951 వానాకాలంలో పోయింది. ఆ పిల్ల పేరు అమ్మమ్మ మా దగ్గర ఎప్పుడూ ఎత్తేది కాదు. 'పెద్దది' అనేది అంతే.

1953లో ప్రభుత్వం జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో ఖాకీ నిక్కర్ల వాళ్లు పంపులు పట్టుకుని ఆ ఊరికి వచ్చారు. డి.డి.టి. మందు. దానికి పురుగుల్ని చంపే గుణముందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి కూడా నోబెల్ బహుమతి ఇచ్చారు, 1948లో. ఊళ్లో సగం మంది తలుపులు వేసుకున్నారు. గోడలు పాడవుతాయన్నారు, దేవుడి గదిలోకి ఎవరిని పడితే వాళ్లని రానియ్యమన్నారు. గూళ్లు దులిపే ముందు సాలెపురుగులకి చెప్పి దులిపే మా అమ్మమ్మ మాత్రం తలుపులు బార్లా తీసి, దేవుడి గదితో సహా ఇల్లంతా కొట్టమంది.

ఆరు నెలలపాటు గోడలు అలకవద్దనీ సున్నం వెయ్యవద్దనీ వాళ్లు చెప్పి వెళ్లారు. మందు కప్పడిపోతే పనిచెయ్యదు కదా. సంక్రాంతికి ఊరంతా గోడలు అలికి తెల్లగా మెరిపించుకున్నారు. అమ్మమ్మ అలకలేదు. వచ్చిన చుట్టాలు నవ్వారట. "పండగ మళ్లీ వస్తాది" అందట.

"మరి సాలెపురుగులు?" అని నేనొకసారి అడిగాను. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను, పర్యావరణం గురించి కొత్తగా చదివిన వేడి మీద ఉన్నాను.

"పోనాయి. అన్నీ పోనాయి. కింద రాలిపోతే చేటకెత్తి పారబోసినాను" అంది. కాసేపాగి, "సాలెపురుగు మళ్లీ పుడతాది. నా పిల్ల పుడతాదేటే?" అంది.

ఇంక నేనేం మాట్లాడను?

డి.డి.టి. చేసిన మేలు చిన్నది కాదు. ఏడున్నర కోట్ల జ్వరాలు 1965 నాటికి లక్షకి దిగాయి. మా అమ్మ బతికిందీ, నేను పుట్టిందీ ఆ మందు పుణ్యమే కావచ్చు. కానీ దానికి మా అమ్మమ్మలాగ ఒక్కో పురుక్కి ఒక్కో చట్టం లేదు. దోమతోపాటు దోమని తినేవాణ్ణీ చంపుతుంది. బోర్నియో దీవిలో ఇలాగే ఇళ్లకి మందు కొడితే, కప్పుల్లో ఉండే గొంగళిపురుగుల్ని వేటాడే కందిరీగలు చచ్చిపోయాయి. గొంగళిపురుగులు మందుకి చిక్కకుండా పెరిగిపోయి ఆకు కప్పులన్నీ తినేశాయి. జ్వరం తగ్గి, జనం నెత్తిన కప్పు లేకుండా పోయింది. 1962లో రేచెల్ కార్సన్ పుస్తకం రాశాక లోకానికి ఇలాంటివి వినపడ్డాయి.

మన దగ్గర ముందు తిరిగొచ్చినవి నల్లులు. మొదటి ఏడు మాయమయ్యాయట, మూడో ఏటికి ఆ మందు మీదే నడుచుకుంటూ వచ్చాయట. "మునుపటికంటే బలిసినాయి" అనేది అమ్మమ్మ. మళ్లీ మరిగే నీళ్లే గతి అయింది. తర్వాత దోమలు కూడా ఆ విద్య నేర్చాయి. 1976లో దేశంలో మలేరియా కేసులు అరవై నాలుగు లక్షలు దాటాయి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చినవి సాలెపురుగులు. వంటింటి కిటికీ మీద మళ్లీ గూడు కనపడిన రోజున అమ్మమ్మ ఎదురింటావిడని పిలిచి చూపించిందట.

రెండేళ్ల కిందట మా చిన్నదానికి డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో ప్లేట్‌లెట్ల అంకె పొద్దుటికీ సాయంత్రానికీ దిగిపోతూంటే, గోడలు అలకని ఆ సంక్రాంతి నాకు పూర్తిగా అర్థమైంది. పిల్ల ఇంటికొచ్చాక పూలకుండీల కింది పళ్లేల్లో నీళ్లు పారబోశాను, కిటికీలకి వల కొట్టించాను, మందు కొట్టే అబ్బాయికి ఫోను చేశాను.

అతను వచ్చి గదులన్నీ తిరిగి చూసి, "సాలెపురుగులకి కూడా ఇదే మందమ్మా, వేరే డబ్బులక్కర్లేదు" అన్నాడు ఉదారంగా.

"వాటి జోలికి వెళ్లకుండా కొట్టడం కుదరదా బాబూ?"

"మందుకేం తెలుస్తుందమ్మా, ఏది ఏదో?"

వంటింటి తూముల్లో బొద్దింకలకీ, మంచాల కిందా కొట్టించి, స్నానాల గది వదిలెయ్యమన్నాను. అతను ఒప్పుకోలేదు. ఒక గది వదిలేస్తే తన పూచీ ఉండదన్నాడు. చివరికి గోడలు కొట్టనివ్వకుండా కింద తూము దగ్గర మాత్రం కొట్టేలా బేరం కుదిరింది.

అతను బాల్చీలో మందు కలుపుతూంటే నేను బూజుకర్ర తీసుకుని స్నానాల గదిలోకి వెళ్లి, గోడని మూడుసార్లు తట్టాను.

"ఎవరిని పిలుస్తున్నావమ్మా?" అంది మా చిన్నది వెనకనుంచి.