ఇద్దరు ఫ్లాష్‌లు, రెండు భూములు

1961 సెప్టెంబరు నాటి ‘ది ఫ్లాష్’ అనే సూపర్‌హీరో బొమ్మల పత్రిక 123వ సంచిక ముఖచిత్రం మధ్యలో నిలువునా ఒక ఇటుక గోడ. ఇటు ఒక ఫ్లాష్, అటు ఇంకో ఫ్లాష్. ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. ఆపదలో ఉన్న ఒకే మనిషి కోసం ఇద్దరూ పరుగెత్తి వస్తున్నారు. కార్మైన్ ఇన్‌ఫాంటినో గీసిన బొమ్మ అది.

తలపై ఇనుప టోపీ పెట్టుకున్నవాడు జే గ్యారిక్, 1940లో పుట్టిన పాత ఫ్లాష్. యుద్ధం ముగిశాక సూపర్‌హీరోలకు గిరాకీ తగ్గి, 1949లో అతని పత్రిక ఆగిపోయింది. 1956లో సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ అదే పేరుతో బ్యారీ ఆలెన్ అనే కొత్త హీరోను తెచ్చాడు. తొలి కథలోనే బ్యారీ జే బొమ్మల పుస్తకం చదువుతుంటాడు. తన పేరు అందులోంచే తీసుకుంటాడు. అంటే బ్యారీకి జే కేవలం కథలో మనిషి. మరి వాళ్లిద్దరూ కలిసేదెలా?

ఆ చిక్కు విప్పే పని గార్డ్‌నర్ ఫాక్స్‌కు పడింది. జే తొలి కథ రాసింది ఆయనే. పిల్లల ముందు తాడు విద్య చూపిస్తూ బ్యారీ మాయమై, జే ఉండే కీస్టోన్ సిటీలో తేలతాడు. టెలిఫోన్ డైరెక్టరీలో జే పేరు వెతికి ఇంటికి వెళతాడు. గార్డ్‌నర్ ఫాక్స్ అనే రచయిత నిద్రలో ఈ లోకాన్ని చూసి ఆ కథలు రాసి ఉంటాడని బ్యారీ ఊహిస్తాడు. ఇరవై ఏళ్ల కిందటి తన సృష్టిని అబద్ధం చేయడానికి ఫాక్స్‌కు మనసొప్పలేదనిపిస్తుంది. జేకు ఏకంగా ఒక భూమినే రాసిచ్చాడు.

1963లో ఆ లోకాలకు అంకెలు పడ్డాయి. బ్యారీది ఒకటో భూమి. పదహారేళ్లు ముందు పుట్టినా జేది రెండోది!

అసలు ఇబ్బంది సూపర్‌మ్యాన్, బ్యాట్‌మన్‌లతో. వాళ్లకూ ఒక్కో భూమిపై ఒక్కొక్కరు ఉండాలి. 1938, 1939 నుంచి వాళ్ల కథలకు విరామమే లేదు. పాతవాడు ఎక్కడ ముగిశాడు, కొత్తవాడు ఎక్కడ మొదలయ్యాడు? గీత గీయడం ఎవరి తరమూ కాలేదు. అయినా ఆ తికమక వల్లనే ఒక గొప్ప మేలు జరిగింది. రెండో భూమి బ్యాట్‌మన్ వయసు మీదపడి, పెళ్లాడి, కూతుర్ని కన్నాడు, 1979లో చనిపోయాడు. మిగతా పత్రికల్లో యువ బ్యాట్‌మన్ యథావిధిగా దొంగలను పడుతూనే ఉన్నాడు. నెలనెలా అమ్ముడుపోవాల్సిన హీరోకు దక్కని ముసలితనం, చావు ఈ రెండోవాడికి దక్కాయి.

కొత్త పాఠకులు ఇన్ని భూముల మధ్య తికమకపడుతున్నారని 1985లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్‌లు పన్నెండు సంచికల్లో అన్నిటినీ కలిపి ఒక్క భూమి చేశారు. బ్యారీ అందులోనే మరణించాడు. లోకాలైతే కలిశాయి గానీ, అందరికీ చోటు దొరకలేదు. పవర్ గర్ల్ రెండో భూమి సూపర్‌మ్యాన్‌కు చిన్నాన్న బిడ్డ. ఆ సూపర్‌మ్యానే చరిత్రలో లేకుండా పోయాక ఆమెకు పుట్టినిల్లు లేదు. అట్లాంటిస్ వంశమని ఒక కొత్త కథ అంటగట్టారు, అది అతకలేదు. దాదాపు ఇరవై ఏళ్లు ఆమె తానెవరో తెలియకుండానే పోరాడింది. 2005లో మొదలైన ‘ఇన్ఫినిట్ క్రైసిస్’ అనే ధారావాహికలో, నెరిసిన కణతలతో ఆ పాత సూపర్‌మ్యాన్ తిరిగొచ్చి, నువ్వు మా ఇంటి పిల్లవేనని ఆమెకు చెప్పాడు.