మెదడు సంకేతాల నుంచి వేళ్ల కదలికల దాకా: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మనం వేలు కదిపే ముందే మెదడులో విద్యుత్ మార్పులు మొదలవుతాయి. వాటిని నమోదు చేసి, ఏ వేలు ఎంత కదిలిందో కంప్యూటర్ ద్వారా అంచనా వేయడాన్ని వేళ్ల కదలికల విసంకేతనం అంటారు. ఈ పరిశోధన ‘ఏ వేలికి మెదడులో ఏ చోటు?’ అన్న ప్రశ్నతో మొదలై, ‘అనేక సంకేతాలు కలిసి ఏ నమూనాను ఏర్పరుస్తాయి?’ అన్న ప్రశ్నకు చేరింది. మెషీన్ లెర్నింగ్ అవసరం ఎందుకు కలిగిందో ఈ మార్పును బట్టి అర్థం చేసుకోవచ్చు.

1. చోటు కోసం అన్వేషణ

1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ కుక్క మస్తిష్క వల్కలంలోని కొన్ని చోట్ల స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేశారు. అప్పుడు శరీరం రెండో పక్కనున్న కండరాలు కదిలాయి. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రే మెలకువగా ఉన్న రోగులకు శస్త్రచికిత్స చేస్తూ సేకరించిన పరిశీలనలను 1937లో ప్రచురించారు. వీటి ఆధారంగా తయారైన పటంలో చేతికి, ముఖానికి వాటి పరిమాణాన్ని మించిన చోటు దక్కింది. ఒక్కో వేలికి ఒక్కో గది ఉంటుందన్న ఊహకు ఈ పటం బలమిచ్చింది.

2. నమూనా కోసం అన్వేషణ

1980లలో జార్జోపౌలోస్ బృందం కోతులపై పరిశోధించి, చేయి కదిలే దిశ ఒక్క నాడీకణం నుంచి కాక, అనేక నాడీకణాల ఉమ్మడి స్పందన నుంచి స్పష్టంగా తెలుస్తుందని చూపింది. 1993లో షీబర్, హిబ్బర్డ్ ఇదే ఆలోచనను వేళ్ల దగ్గరకు తెచ్చారు. ఒకే నాడీకణం పలు వేళ్ల కదలికల్లో పాల్గొంటుంది. ఒక వేలు కదిలినప్పుడు స్పందించే కణాలు చేతి ప్రాంతమంతటా విస్తరించి ఉంటాయి. కాబట్టి ఒక్క ఎలక్ట్రోడ్‌ను చూసి వేలిని గుర్తించలేం. ఏ సంకేతానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో ఉదాహరణల నుంచి నేర్చుకునే పద్ధతి కావాలి. మెషీన్ లెర్నింగ్ చేసే పని ఇదే.

3. 2008 నాటి పోటీ

నాలుగవ బి.సి.ఐ. కాంపిటిషన్‌లో ముగ్గురు మూర్ఛవ్యాధి రోగుల సంకేతాలను పరిశోధకులకు అందించారు. వారి మెదడు ఉపరితలంపై ఎలక్ట్రోడ్లను చికిత్స నిమిత్తమే అమర్చారు. రోగులు తెరపై సూచన ప్రకారం వేళ్లు వంచుతుంటే, చేతికి తొడిగిన గ్లవ్ ఆ కదలికలను కొలిచింది. పది నిమిషాల నమోదులో 400 సెకన్లను శిక్షణకు, 200 సెకన్లను పరీక్షకు కేటాయించారు. ఉంగరపు వేలు పక్క వేళ్లతో కలిసి కదులుతుంది కనుక దాన్ని ఫలితాల లెక్కలోకి తీసుకోలేదు. గెలిచిన లియాంగ్, బుగ్రేన్ వాడినది సరళమైన రేఖీయ ప్రతిగమనం. వారు సాధించిన సగటు సహసంబంధం సుమారు 0.46. అంచనా పూర్తిగా సరిపోలితే ఆ విలువ 1 అవుతుంది.

4. కదలని వేళ్ల సమస్య

గ్లవ్ కొలవాలంటే వేళ్లు కదలాలి. కానీ ఈ సాధనం అవసరమైనవారి వేళ్లే కదలవు. 2006లో ప్రచురితమైన బ్రెయిన్‌గేట్ అధ్యయనం దీనికి దారి చూపింది. వెన్నుపాము దెబ్బతిన్న ఒక యువకుడు చేయి కదపాలని సంకల్పించినప్పుడు, అతని మెదడులోని 96 ఎలక్ట్రోడ్లు స్పందనలను నమోదు చేశాయి. గాయమై ఏళ్లు గడిచినా ఆ సంకేతాలు మిగిలే ఉన్నాయి. దాంతో కదలికకు బదులు, కదపమని ఇచ్చిన సూచననే శిక్షణకు ఆధారం చేసుకోవచ్చని తేలింది. 2021లో పక్షవాతానికి గురైన ఒక వ్యక్తి చేతిరాతను ఊహించగా, కంప్యూటర్ నిమిషానికి 90 అక్షరాలు నమోదు చేసింది. 2025లో మరొకరు వేళ్ల కదలికలను సంకల్పించి తెరపై డ్రోన్‌ను నడిపారు.

సారాంశం

పటం ‘ఎక్కడ’ అని చెప్పింది. నమూనా ‘ఏమిటి’ అని చెప్పింది. అయితే ఈ ప్రగతికి ఆధారం తమ చికిత్స కాలంలో సంకేతాలను అందించిన రోగులు, శస్త్రచికిత్సకు సిద్ధపడి ప్రయోగాల్లో పాల్గొన్న కొద్దిమంది వ్యక్తులే. ఇది నిత్యజీవితానికి అందే సాధనం కావాలంటే శస్త్రచికిత్స వల్ల కలిగే ముప్పు తగ్గాలి. ఎలక్ట్రోడ్లు ఏళ్ల తరబడి పనిచేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1993 నాటి పరిశోధన ‘ఒక్కో వేలికి ఒక్కో గది’ అన్న ఊహను ఎలా మార్చింది?
2. వేళ్లు కదపలేని వ్యక్తి విషయంలో కంప్యూటర్‌కు శిక్షణ ఎలా ఇస్తారు?