బండి యజమాని ఎవరు?

సొమ్ము పుచ్చుకొని తాళపుచెవి అందించినంతనే పాత కారు బాధ్యత తీరినదని మనము తలతుము. చట్టము నడచిన దారి వేరు.

మన దేశమున తొలి మోటారు వాహన చట్టము 1914లో వచ్చినది. 1930 నాటి సరకుల విక్రయ చట్టమునకు బండియు చరాస్తియే. అమ్మువారు, కొనువారు అంగీకరించినచో సొంతదారు మారును. 1939 నాటి వాహన చట్టమును రిజిస్టరులోని పేరే యజమానియని నిర్వచింపలేదు. 1988 నాటి చట్టము ఆ మాట స్పష్టముగా పలికినది. వాయిదాల కొనుగోలు వంటి ఒప్పందములున్న బండ్లకు మాత్రము, స్వాధీనమున నున్నవారిని యజమానిగా నెంచినది.

ఈ మార్పు ఫలితము 2018లో సుప్రీంకోర్టు తీర్పున తేటపడినది. ఒక కారు పలు చేతులు మారినది. రిజిస్టరులో మాత్రము మొదటివాని పేరే నిలిచినది. 2009లో అది ప్రమాదము చేయగా, పరిహార బాధ్యత ఎన్నడో అమ్మివేసిన ఆ మొదటివానిపైననే పడినది.

కావున ఒకే రాష్ట్రములో అమ్మకము జరిగినచో అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో రవాణా అధికారికి తెలుపవలెను. కొనుటకు ముందే, రిజిస్ట్రేషను పత్రముపై అప్పు గుర్తు మిగిలియున్నదేమో మనము చూచుకొనవలెను. అమ్మినవారు పేరు మారినదని రూఢి చేసికొనువరకు ఆ వ్యవహారము ముగిసినట్లు కాదు.