పోడు నుంచి పీజీ దాకా: మన కొండల పర్యావరణ చదువు

పర్యావరణ శాస్త్రం అనే పేరు మన కొండలెక్కక ముందే ఆ పని మన పెద్దల చేతుల్లో ఉంది. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు చూడండి. సవర పెద్దలు కొండవాలును మెట్లు మెట్లుగా తీర్చి, రాతిగట్లు కట్టి, గెడ్డ నీటిని పై మడి నుంచి కింది మడికి దించారు. ఒకే పోడులో సామ, చోడి, జొన్న, కంది కలిపి చల్లారు. ఒక పంట పోయినా ఇంకొకటి ఇంటికి చేరేది. కందికొత్త, మామిడికొత్త పండగలు చేయనిదే ఆ పంట ముట్టరాదన్నారు. కాయ ముదిరే దాకా చెట్టుకు ఆ కట్టుబాటే కాపలా.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీత లోపల పోడు కొట్టడం, కట్టె తేవడం, పశువుల్ని మేపడం నేరాలయ్యాయి. అలా అడవి గురించిన సర్కారు చదువు మన గడపకు మొదట గార్డు రూపంలో వచ్చింది. పోడు అడవిని పాడు చేస్తుందన్న మాట రికార్డులకెక్కింది. మట్టి కొట్టుకుపోయి బోడి అయిన కొండలు ఉన్నమాట నిజమే. అయితే అడవి రిజర్వులోకి, పల్లపు భూములు షావుకార్ల చేతికి పోయాక, కొండను బీడు పెట్టి కోలుకోనిచ్చే ఏళ్లు తగ్గిపోయాయి. ఆ సంగతి చాలాసార్లు లెక్కలోకి రాలేదు.

మన మాటను కాగితం మీదికి తెచ్చిన వారిలో ముందు చెప్పుకోవలసింది గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిని. ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. చెట్టుకూ పిట్టకూ మనం పెట్టుకున్న పేర్లు మాటల్లోనే బతుకుతాయి కనుక ఇదీ మన పర్యావరణ చరిత్రే.

అప్పులకు పోయిన భూముల కథ 1967లో రక్తం దాకా వెళ్లింది. ఆ అక్టోబరు 31న గిరిజన సంఘం మహాసభకు వెళ్తుండగా లేవిడి దగ్గర కోరన్న, మంగన్న ప్రాణాలు పోయాయి. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1959లో చేసిన భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టి చేశారు.

ఇక విశ్వవిద్యాలయాల కథ. 1972లో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాలు పర్యావరణం మీద సమావేశమయ్యాయి. మన దేశంలో పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. చదువుల్లో పర్యావరణాన్ని తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పర్యావరణ శాస్త్ర విభాగం ఉంది. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో, విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో ఏర్పడ్డాయి. ఒకప్పుడు పీజీ అంటే విశాఖ బస్సెక్కడమే. ఇప్పుడు విశ్వవిద్యాలయమే మన జిల్లాల్లోకి వచ్చింది.

పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ రెండేళ్ల చదువు. నీరు, మట్టి, గాలి పరీక్షలు, జీవావరణం, ఉపగ్రహ పటాలు, పర్యావరణ చట్టాలు, ప్రాజెక్టుల ప్రభావ అంచనా నేర్పుతారు. ఇవి మనకెందుకో మూడు సంగతులు చెబుతాయి.

మొదటిది, 1997 జూలై 11న సమత కేసులో వచ్చిన తీర్పు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది, 2006 అటవీ హక్కుల చట్టం. దాని నిబంధనల ప్రకారం పెద్దల వాంగ్మూలం, గట్లు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యాలే. ఉపగ్రహ పటం వాటికి తోడుగా ఉండొచ్చు, వాటిని కాదనడానికి మాత్రం వీల్లేదు. తాత కట్టిన రాతిగట్టు మనవడి హక్కుకు సాక్ష్యం. ఆ గట్టును పటం మీద గుర్తించగల చేయి మనదైతే ఇంకా మంచిది.

మూడోది, సోంపేట బీల. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం దాన్ని బంజరుగా లెక్కగట్టారు. అది ఊళ్లకు సాగునీరూ చేపలూ ఇచ్చే చిత్తడి నేల. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని రద్దు చేసింది. కాగితంలో ‘బంజరు’ అన్న ఒక్క మాట ఎంత ప్రమాదమో ఆ తీరం వాళ్లు చూశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డిగ్రీలో సైన్సు చదువుతున్నవారు ఈ దారి గురించి ఆలోచించండి. మీ ప్రాజెక్టు కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఊరి గెడ్డలో వేసవి నీరు ఎందుకు తగ్గింది? జీడితోటలు పెరిగాక సామ, కొర్ర విత్తనాలు ఏ ఇళ్లలో మిగిలాయి? ఏనుగులు ఏ దారిన దిగుతున్నాయి? ఇవన్నీ పరిశోధనాంశాలే. పెద్దల్ని అడిగి రాయండి, చెప్పినవారి అనుమతితో వారి పేరు కూడా రాయండి. సవర మాటను సవరలోనే నమోదు చేయండి. మన కొండల గురించి ఇంతకాలం ఇతరులు రాసినవి మనం చదివాం. ఇకపై వచ్చే నివేదికల్లో మీరు రాసినవీ ఉండాలని మా కోరిక.