పావులూరి పద్యమున చదరంగపు లెక్క

చదరంగమును కనిపెట్టిన పండితుడు రాజును కోరిన బహుమానపు కథ లోకప్రసిద్ధము. మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులకును రెట్టించుచు ధాన్యమీయవలెనని ఆతడు కోరెను. ఇంతేకదాయని నవ్విన రాజు, లెక్క వేయించిన పిదప నిశ్చేష్టుడయ్యెనట. మొత్తము గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెల ఈ సంఖ్యను ఒక్క తెలుగు పద్యమున బంధించినవాడు పావులూరి మల్లన యని ప్రసిద్ధి.

క్రీ.శ. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని మల్లన తెనిగించెను. గణితకర్త రాజరాజనరేంద్రుని కాలపు మల్లనయా, ఆతని మనుమడగు మల్లనయా యను విషయమున పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఎవరైనను, తెలుగు కావ్యభాషగా రూపుదిద్దుకొనుచున్న తొలి శతాబ్దులలోనే అది శాస్త్రభాషగను నిలిచినదనుటకు ఈ గ్రంథము సాక్ష్యము.

పద్యమున అంకెలకు మారుగా వస్తువుల పేర్లుండును. చంద్రుడన్న 1, వేదమన్న 4, సాయకమన్న మన్మథుని బాణములు గనుక 5, భూధరమన్న 7, గగనమన్న సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమవైపునకు అంకెలను పేర్చుకొనుచు పోవలెను.

ఇంత పెద్ద సంఖ్యను తాటియాకుపై అంకెలలో వ్రాసినచో, లేఖకుని చేయి ఒక్కమారు తడబడిన చాలు, లెక్క చెడును. చెడినట్లు తెలియనైనను తెలియదు. పద్యమున అట్లు కాదు. ఇది చంపకమాల, పాదమునకు 21 అక్షరములు, 11వ అక్షరము యతిస్థానము. మొదటి పాదమున ఆ స్థానమున సాయక పదమున్నది. దానికి మారుగా ఎవరైన భూధర యని వ్రాసిరనుకొందము. గురులఘువులు సరిపోవును; కాని పాదాదినున్న శకారమునకు భకారముతో యతి కుదరదు. ఛందస్సు తెలిసినవాడు తప్పును వెంటనే పట్టును. అన్ని తప్పులును ఇట్లు దొరకకపోవచ్చును; అందుచేత గణితమే రెండవ కాపరియగును. గడులను రెండేసిగా జతపరచినచో 1, 2 కలిసి 3. 4, 8 కలిసి 12. ప్రతి జతయు 3చే భాగింపబడును. కనుక మొత్తమును భాగింపబడవలెను. అంకెలన్నిటి కూడిక 87; అది 3చే భాగింపబడుచున్నది. పై పొరపాటు జరిగినచో కూడిక 89 అయి, తప్పు బయటపడును.

ఈ సంఖ్యనే అల్ బిరూనీయు తన గ్రంథమున సరిగా గణించెను. ఆతని మార్గము చిన్నది: 16ను వర్గము చేసిన 256, దాని వర్గము 65,536, ఇట్లు నాలుగు మారులు వర్గించి ఒకటి తీసివేయుటయే. తరువాత 1732లో ఆయిలరు, 2ను 32 మారులు గుణించి ఒకటి కలిపిన సంఖ్యకు 641 భాజకమని చూపెను. దానివలన చదరంగపు సంఖ్య 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అను ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధమని తేలినది.

భిలాయి, కుమ్హారి ప్రాంతములవారికి టన్నుల లెక్క సుపరిచితము. గ్రామునకు నలుబది బియ్యపు గింజలనుకొన్నచో, రాజు ఈయవలసినది సుమారు 46,000 కోట్ల టన్నులు. భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి దశకు నిర్ణయించిన సామర్థ్యము ఏటికి 10 లక్షల టన్నులు. ఆ చొప్పున ఉక్కుకు మారుగా బియ్యమునే తయారుచేసినను, రాజు ఋణము తీరుటకు నాలుగు లక్షల అరువది వేల ఏండ్లు పట్టును.

నేటి కంప్యూటరు అరువదినాలుగు బిట్లతో వ్రాయగల అత్యధిక సంఖ్య ఇదియే. చదరంగపు ఒక్కొక్క గడికి ఒక్కొక్క బిట్టు. యంత్రమునకు దీనిని నిలుపుకొనుటకు విద్యుత్తు కావలెను. మల్లన పద్యమునకు కావలసినది, దానిని తప్పులేకుండ చదువగల ఒక నోరు మాత్రమే.